డబుల్స్‌కు రాకెట్ ఎంచుకోవడం: చూడవలసింది రెండో షాట్

మన ఊళ్లలోని ఇండోర్ కోర్టులకు తెల్లవారుజామున షటిల్ ఆడటానికి వచ్చేవారిలో ఎక్కువ మంది ఆడేది డబుల్సే. కోర్టు అద్దెను నలుగురూ పంచుకోవచ్చు, ఉన్న గంటలో ఎక్కువ మందికి ఆట దొరుకుతుంది, నలభై దాటిన మోకాళ్లు సింగిల్స్ పరుగు కన్నా దీన్ని తేలికగా ఓర్చుకుంటాయి. అయినా వీరు దుకాణానికి వెళ్లి రాకెట్ అడిగినప్పుడు మొదట వేసే ప్రశ్న "స్మాష్ బాగా పడుతుందా?" అన్నదే. దుకాణదారు కూడా అందుకు తగినట్టే తల బరువుగా, షాఫ్ట్ (తలనూ పిడినీ కలిపే సన్నని కడ్డీ) గట్టిగా ఉన్న రాకెట్‌ను చేతికిస్తాడు. డబుల్స్ ఆడేవారు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని, అది స్మాష్ తర్వాత వచ్చే షాట్‌కు సంబంధించినదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

డబుల్స్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. అందులో నలుగురు నిలబడితే ఖాళీ స్థలం పెద్దగా మిగలదు. సింగిల్స్‌లో గట్టి స్మాష్ కొట్టిన ఆటగాడు, ఎదుటివారు దాన్ని నెట్ దగ్గర మెల్లగా వదిలినా, ముందుకు పరుగెత్తి అందుకోవడానికి కొంత వ్యవధి ఉంటుంది. డబుల్స్‌లో అదే స్మాష్‌ను ఎదుటి జంట బల్లపరుపుగా తిప్పి కొడుతుంది, ఆ డ్రైవ్ నెట్ దగ్గరున్న మీ జోడీ ముఖం మీదికో, వెనుక ఉన్న మీ తుంటి పక్కకో రెప్పపాటులో వచ్చి పడుతుంది. ఆ క్షణంలో మీ రాకెట్ ఇంకా మోకాలి దగ్గర వేలాడుతూ ఉంటే, అంతకు ముందు కొట్టిన స్మాష్ ఎంత గట్టిదైనా పాయింట్ ఎదుటివారిదే. కాబట్టి రాకెట్ మొదటి షాట్‌కు ఎంత బలం ఇస్తుందన్నదాని కన్నా, రెండో షాట్‌కు ఎంత త్వరగా సిద్ధమవుతుందన్నదే డబుల్స్‌లో ముఖ్యం.

ఈ సంగతి నాకు ఆలస్యంగానే తెలిసింది. నేను కొన్న మొదటి మంచి రాకెట్ 3యూ బరువుది (ఈ గుర్తుల లెక్క కింద చెబుతాను), తల భాగం బరువుగా, షాఫ్ట్ బాగా గట్టిగా ఉండేది. వెనుక నుంచి టాస్‌లు (ఎత్తుగా లేపి కొట్టే షాట్లు) కోర్టు చివరికంటా వెళ్లేవి, నిలకడగా నిలబడి కొడితే స్మాష్ కూడా చక్కగా దిగేది. కానీ ఎదుటివారు నా మీద వరసగా రెండు మూడు స్మాష్‌లు కొడితే మొదటిది తగిలేది, రెండోది ఫ్రేమ్‌కు తగిలేది, మూడోది తగిలేదే కాదు. ఆరు నెలలపాటు లోపం నా మణికట్టులో ఉందని నమ్మి మణికట్టు వ్యాయామాలు చేశాను. ఒకరోజు గట్ (రాకెట్ తలకు అల్లే తీగ) తెగితే నా జోడీ తన రెండో రాకెట్ ఇచ్చారు. అది 4యూ, అంటే నాదాని కన్నా తేలికైనది, తూకం సమానంగా ఉన్నది. ఆ ఉదయమే మూడో స్మాష్ కూడా నెట్ దాటింది. ఆ తేడా నా ఆటలో రాలేదు, చేతిలోని వస్తువులో వచ్చింది.

స్మాష్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అమలాపురానికి చెందిన డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, రాకెట్లు తయారు చేసే యోనెక్స్ సంస్థ కర్మాగారంలో, గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. అందుకు ఆయన వాడినది ఆ సంస్థ వేగం కోసమని ప్రత్యేకంగా తయారు చేసే నానోఫ్లేర్ వరుసలోని రాకెట్. అంత వేగానికీ తలమీద బరువు మోపిన రాకెట్టే కావాలన్న నియమం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా ఆ రికార్డు కొలిచింది ఒకే ఒక్క దెబ్బ వేగాన్ని, దానికి బదులు వచ్చే షటిల్ అక్కడ లేదు. అదే సంవత్సరం చిరాగ్ శెట్టితో కలిసి ఆయన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచి, ఆ తర్వాత ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరారు. ఆ ఆటలు చూసినవారికి స్మాష్‌తో పాటు ఆ జంట సర్వీసు తర్వాతి మొదటి నాలుగు షాట్లలో ఎంత చురుకుగా ఉంటుందో గుర్తుండే ఉంటుంది.

బరువు, తూకం

రాకెట్ కోన్ మీద, అంటే పిడి పైన షాఫ్ట్ మొదలయ్యే చోటి శంకువు మీద, చిన్న అక్షరాల్లో 3యూ, 4యూ, 5యూ అని ముద్రించి ఉంటుంది. యూ ముందున్న అంకె పెరిగేకొద్దీ రాకెట్ తేలిక అవుతుంది. గట్ వేయక ముందు 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84 గ్రాములు, 5యూ అంటే 75 నుంచి 79 గ్రాములు. అంతకన్నా తేలికైనవీ దొరుకుతున్నాయి, లీ-నింగ్ విండ్‌స్టార్మ్ 72 పేరులోనే దాని బరువు ఉంది. డబుల్స్ ఆడే పెద్దవారికి 4యూ సరైన ఆరంభమని నా అభిప్రాయం. భుజం నొప్పి ఉన్నవారు, మణికట్టు బలం తక్కువైనవారు, ఎక్కువ సమయం నెట్ దగ్గరే ఆడేవారు 5యూ తీసుకోవచ్చు. మరీ తేలికైన రాకెట్‌లో ఒక ఇబ్బంది ఉంది. షటిల్ బరువు 5 గ్రాముల అటూ ఇటూ మాత్రమే అయినా, ఎదుటివారి గట్టి స్మాష్‌ను బ్లాక్ చేసేటప్పుడు రాకెట్‌లో తగినంత బరువు లేకపోతే తల వెనక్కి ఒరిగి షటిల్ అనుకున్న దిక్కుకు వెళ్లదు. చేతి పట్టు బలంగా ఉన్నవారు దీన్ని సరిదిద్దుకోగలరు, కొత్తవారికి కష్టం.

అయితే మొత్తం బరువు కన్నా ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నది చాలా ముఖ్యం, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. ఒక వస్తువును గుండ్రంగా తిప్పేటప్పుడు అది చెప్పే అడ్డు, బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉంటే ఆ దూరపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మణికట్టును ఇరుసు అనుకుంటే, 60 సెంటీమీటర్ల దూరంలో తలపైన ఉన్న ఒక గ్రాము, 10 సెంటీమీటర్ల దూరంలో పిడి దగ్గరున్న 36 గ్రాములంత అడ్డు చెబుతుంది. అందుకే 84 గ్రాముల రాకెట్లు రెండు పక్కపక్కన పెట్టి ఊపితే ఒకటి గాలిలో ఈదినట్టు, మరొకటి నీటిలో లాగినట్టు అనిపించవచ్చు. కోన్ మీద 4యూ అని చూసి తేలిక అనుకోవడం ఈ కారణంగానే తప్పుదారి పట్టిస్తుంది.

తూకాన్ని ఇంట్లోనే కొలవవచ్చు. రాకెట్ షాఫ్ట్‌ను చూపుడు వేలు మీద అడ్డంగా ఆనించి, ఏ పక్కకూ ఒరగకుండా నిలిచే చోటు గుర్తుపెట్టి, పిడి అడుగు నుంచి అక్కడికి టేపుతో కొలవాలి. గట్ వేయని రాకెట్‌లో ఆ దూరం సుమారు 285 మిల్లీమీటర్ల లోపు ఉంటే హెడ్ లైట్ (తల తేలిక) అనీ, 285 నుంచి 295 దాకా ఉంటే సమతూకం అనీ, ఆపైన ఉంటే హెడ్ హెవీ (తల బరువు) అనీ ఆటగాళ్లు స్థూలంగా లెక్క వేసుకుంటారు. కంపెనీకీ కంపెనీకీ ఈ గీతలు కొంచెం మారుతాయి కాబట్టి అంకెను శాసనంగా తీసుకోకండి, రెండు రాకెట్లను పోల్చడానికి వాడుకోండి.

ఈ తూకం దుకాణంలో ఉన్నట్టే కోర్టులో ఉండదు. 85 గ్రాముల రాకెట్ పిడి మీద 5 గ్రాముల ఓవర్‌గ్రిప్ (అసలు గ్రిప్ పైన చుట్టే పలుచని పట్టీ) చుడితే తూకపు చోటు దాదాపు ఒక సెంటీమీటరు మీ చేతివైపు జరుగుతుంది. గట్ వేస్తే దాని బరువు తల భాగంలో పడుతుంది కాబట్టి సుమారు అంతే దూరం ముందుకు జరుగుతుంది. ఇది తెలిస్తే ఒక ఉపాయం చేతికొస్తుంది. ఇప్పటికే ఉన్న రాకెట్ కాస్త తల బరువుగా అనిపిస్తుంటే కొత్తది కొనే ముందు ఒక ఓవర్‌గ్రిప్ అదనంగా చుట్టి వారం రోజులు ఆడి చూడండి. పిడి మరీ లావు అవుతుందనుకుంటే కంపెనీ ఇచ్చిన అసలు గ్రిప్‌ను తీసేసి, దాని చోట పలుచని ఓవర్‌గ్రిప్ వేయవచ్చు, కానీ అప్పుడు పిడి దగ్గర బరువు తగ్గి తూకం మళ్లీ తలవైపు జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

క్లబ్బు స్థాయి డబుల్స్‌కు నేను సూచించేది సమతూకం, లేదా కొద్దిగా హెడ్ లైట్. ఏళ్ల తరబడి ఆడి, భుజంలో బలం, రాకెట్‌ను వెంటనే పైకి తెచ్చే అలవాటు రెండూ ఉన్నవారు మాత్రమే హెడ్ హెవీ వైపు వెళ్లాలి. మన పల్లెల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడి వచ్చినవారు కొందరు బరువైన బ్యాటే చేతికి ఆనుతుందని అంటుంటారు. పసుపు ఉన్ని బంతిని కొట్టిన చేతికి అది సహజమే. కానీ ఈక షటిల్‌కు ఆ బరువు అవసరం లేదు. రెండు మూడు వారాలు తేలిక రాకెట్‌తో ఓపిక పడితే చేయి మారుతుంది.

ఊపి చూడటం, ఆడి చూడటం

దుకాణంలో రాకెట్‌ను భుజం మీదుగా స్మాష్ కొట్టినట్టు ఊపి చూస్తే తెలిసేది తక్కువ. ఆ ఊపులో చేతికి కావలసినంత సమయం ఉంటుంది కాబట్టి ఏ రాకెట్ అయినా బాగానే అనిపిస్తుంది. దాని బదులు స్మాష్‌ను ఎదుర్కొనేటప్పుడు నిలబడే భంగిమలో మోకాళ్లు కొద్దిగా వంచి, రాకెట్‌ను నడుము ఎత్తున ఒంటికి ముందు పట్టుకుని, మణికట్టును మాత్రమే తిప్పుతూ ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, మళ్లీ ఫోర్‌హ్యాండ్ అని ఆగకుండా ఇరవై సార్లు మార్చండి. పదిహేనో సారికి తల ఆలస్యంగా వస్తున్నట్టు, ముంజేయి పైభాగం బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రాకెట్ మీకు బరువే. తర్వాత నెట్ దగ్గర నిలబడ్డట్టు రాకెట్‌ను ముఖం ఎత్తున ఎత్తి పట్టుకుని, కోన్ దగ్గరికంటా పైకి పట్టు జరిపి, చిన్న చిన్న తట్లు ఇచ్చి చూడండి. రాకెట్ ఆగవలసిన చోట ఆగుతున్నదా, లేక మీ ఉద్దేశం దాటి ముందుకు వెళ్లిపోతున్నదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

అయినా నిజమైన పరీక్ష కోర్టులోనే. క్లబ్బులో ఎవరి దగ్గరైనా మీరు కొనదలచిన రాకెట్ ఉంటే ఒక ఉదయం అడిగి తీసుకోండి, ఆడేవారు ఇందుకు కాదనరు. అయితే వచ్చిన వెంటనే, చేయి తాజాగా ఉన్నప్పుడు పరీక్షించకండి. రెండు గేమ్‌లు మీ రాకెట్‌తో ఆడి అలిసిన తర్వాత దాన్ని తీసుకుని, ఎదుటివారిని కోర్టు మధ్య నుంచి మీ ఒంటి మీదికి ఇరవై డ్రైవ్‌లు కొట్టమనండి. ఎన్నింటిని ఒంటికి ముందు కలిశారు, ఎన్నింటికి ఆలస్యమయ్యారు అన్నది లెక్కపెట్టండి. మీ పాత రాకెట్‌తో అదే పని మళ్లీ చేయండి. డబుల్స్‌లో పాయింట్లు ఎక్కువగా పోయేది 17-17 దగ్గర, చేతులు అలిసినప్పుడు, కాబట్టి అలిసిన చేతికి ఏది లొంగుతుందో అదే మీ రాకెట్. ఈ పరీక్షలో రెండు మూడు షాట్ల తేడా కనిపించినా దాన్ని తేలికగా తీసుకోకండి.

షాఫ్ట్ సంగతి

షాఫ్ట్ గట్టిదా, వంగేదా అన్నది చాలా మందిని తికమక పెడుతుంది. వంగే షాఫ్ట్ పెద్ద ఊపులో వెనక్కి వంగి, షటిల్ తగిలే సమయానికి నిటారుగా తిరిగి వస్తూ కొంత బలాన్ని చేర్చుతుంది. గట్టి షాఫ్ట్ అంతగా వంగదు కాబట్టి బలమంతా మీ చేతి వేగమే ఇవ్వాలి, కానీ షటిల్ వెళ్లే దిక్కు కచ్చితంగా ఉంటుంది. డబుల్స్‌లో డ్రైవ్, పుష్, బ్లాక్ వంటి పొట్టి ఊపులు ఎక్కువ. వాటిలో షాఫ్ట్ వంగి తిరిగి రావడానికి సమయమే ఉండదు. అందువల్ల పెద్ద ఆటగాళ్లు గట్టి షాఫ్ట్‌నే ఇష్టపడతారు. వారిని చూసి మనమూ గట్టిదే కొంటే వెనుక నుంచి టాస్ కోర్టు మధ్యలో పడుతుంది, ఎదుటి జంటకు అంతకన్నా కావలసింది లేదు. మీరు బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి, పెద్దగా ఊపే వీలు లేకుండా, షటిల్‌ను ఎదుటి కోర్టు చివరి గీత దాకా పంపగలరా అన్నదే నా కొలబద్ద. పంపగలిగితే గట్టి షాఫ్ట్ తీసుకోండి, లేకపోతే మధ్యస్థ షాఫ్ట్ తీసుకోండి. బాగా మెత్తని షాఫ్ట్ మాత్రం డబుల్స్‌కు సరిపడదు, బ్లాక్ చేసిన షటిల్ నెట్ మీద తేలుతూ వెళ్లి ఎదుటివారికి పండుగ చేస్తుంది.

జోడీతో కలిసి ఆలోచించడం

మీరు ఎప్పుడూ ఒకే జోడీతో ఆడేవారైతే రాకెట్ ఎంపిక ఇద్దరూ కలిసి చేసుకోవలసిన పని. దాడిలో ఒకరు ముందు, ఒకరు వెనుక ఉంటారు, ఎవరు ఎక్కువ సమయం ఎక్కడ గడుపుతారన్నది కొన్ని ఆటల్లోనే తేలిపోతుంది. 2011లో లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన జ్వాలా గుత్తా, అశ్వినీ పొన్నప్ప జంటలో జ్వాల ఎడమచేతి వాటంతో నెట్ దగ్గర ఆటను అదుపులో పెట్టడం, అశ్విని వెనుక నుంచి గట్టిగా స్మాష్‌లు కొట్టడం చూసినవారికి ఈ పని విభజన అర్థమవుతుంది. యోనెక్స్ 2018లో ఆస్ట్రాక్స్ 88 ఎస్, 88 డి అని రెండు రాకెట్లను జంటగా తెచ్చింది, ఎస్ ముందున్నవారికి, డి వెనుకనున్నవారికి. ఆలోచన మంచిదే. అయితే మీ జంటలో అలాంటి స్థిరమైన విభజన నిజంగా ఉంటేనే ఆ దారిలో వెళ్లండి.

ఎందుకంటే క్లబ్బు ఆటలో ఉదయం నాలుగు గేమ్‌లకు నలుగురు జోడీలు మారుతారు. ఒక గేమ్‌లో మీరు వెనుక నిలబడి స్మాష్ కొడతారు, తర్వాతి గేమ్‌లో మీకన్నా బలమైనవారు వెనుక చేరితే మీరు ముందుకు వెళ్తారు. ఇలాంటివారికి ఒక పనిలో ఆరితేరిన రాకెట్ రెండో పనిలో భారమవుతుంది. సమతూకం ఉన్న 4యూ, మధ్యస్థ షాఫ్ట్ అన్న నా సూచన ఇలాంటి ఆటను మనసులో పెట్టుకునే చెబుతున్నాను. విక్టర్‌లో డ్రైవ్ ఎక్స్ వరుస, యోనెక్స్‌లో ఆర్క్‌సేబర్ వరుస ఇటువైపు మొగ్గుతాయి. వేగమే ముఖ్యమనుకునేవారికి విక్టర్ ఆరాస్పీడ్, యోనెక్స్ నానోఫ్లేర్ ఉన్నాయి. ఒకే వరుసలోనూ ఒక రాకెట్‌కూ మరో రాకెట్‌కూ షాఫ్ట్ గట్టితనం చాలా మారుతుంది కనుక పేరు చూసి కాక ఆ రాకెట్ వివరాలు చూసి తీసుకోవాలి.

మహిళల డబుల్స్‌లో ర్యాలీలు పొడవుగా సాగుతాయి, షటిల్‌ను పదే పదే వెనుక గీత దాకా పంపవలసి వస్తుంది. అక్కడ కాస్త వంగే షాఫ్ట్ చేతికి శ్రమ తగ్గిస్తుంది. మిక్స్‌డ్‌లో ముందుండే ఆటగాళ్లకు హెడ్ లైట్ 5యూ చక్కగా నప్పుతుంది.

పిడి లావు, గ్రిప్

పిడి లావును జీ4, జీ5, జీ6 అని రాస్తారు, అంకె పెరిగేకొద్దీ పిడి సన్నబడుతుంది. లీ-నింగ్ తన రాకెట్ల మీద ఎస్ అక్షరంతో వేరే పద్ధతిలో రాస్తుంది కాబట్టి అక్కడ అంకెను నమ్మకుండా చేత్తో పట్టి చూడాలి. డబుల్స్‌కు సన్నని పిడి మేలు. ఫోర్‌హ్యాండ్ నుంచి బ్యాక్‌హ్యాండ్‌కు మారడమంటే బొటనవేలును పిడి వెడల్పు ముఖం మీదికి జరపడమే, లావు పిడిని అరచేతితో బిగించి పట్టుకున్నప్పుడు ఆ చిన్న కదలిక ఆలస్యమవుతుంది. పట్టుకున్నప్పుడు ఉంగరపు వేలి కొన అరచేతిలోని బొటనవేలి మిట్టకు ఆనీ ఆనకుండా ఉండాలి. జీ5 తీసుకుని ఒక ఓవర్‌గ్రిప్ చుట్టుకుంటే చాలా మందికి సరిపోతుంది. వేళ్లు పొట్టిగా ఉన్నవారు జీ6 తీసుకోవాలి. సన్నని పిడిని గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు గాని లావు పిడిని సన్నం చేయలేమన్న సంగతి మరవకండి.

కోస్తా జిల్లాల ఉక్కలో ఆడేవారికి చెమట పెద్ద సమస్య. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు గేమ్‌లకే మామూలు గ్రిప్ జారిపోతుంది. అప్పుడు జారకుండా ఉండాలని పిడిని గట్టిగా బిగిస్తాం, బిగిస్తే మణికట్టు కదలదు, మణికట్టు కదలకపోతే రెండో షాట్ అందదు. కాబట్టి ఓవర్‌గ్రిప్‌ను వేసవిలో తరచుగా మార్చుకోండి, లేదా తువ్వాలు గుడ్డ వంటి టవల్ గ్రిప్ వాడండి. టవల్ గ్రిప్ చెమట బాగా పీలుస్తుంది, కానీ పిడిని లావు చేస్తుంది కనుక అది వాడేవారు అసలు గ్రిప్ తీసేసి చుట్టుకోవాలి.

గటింగ్

రాకెట్ ధరలో పదోవంతు కూడా కాని గట్, ఆటలో సగం పని చేస్తుంది. వేలకు వేలు పోసి రాకెట్ కొన్నవారు గట్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వేయండి" అనడం నాకు బాధ కలిగిస్తుంది. గటింగ్ బిగువును పౌండ్లలో చెబుతారు. కొత్తవారికి 20 నుంచి 22 పౌండ్లు, క్రమంగా ఆడేవారికి 23 నుంచి 25 పౌండ్లు, చేతి వేగం బాగా ఉన్నవారికి 26 నుంచి 28 పౌండ్లు సరిపోతాయి. బిగువు పెరిగేకొద్దీ షటిల్ దిక్కు కచ్చితమవుతుంది గాని గట్ తనంతట తాను విసిరే బలం తగ్గుతుంది, షటిల్ బాగా తగిలే మధ్యభాగం కూడా కుంచించుకుపోతుంది. స్మాష్‌ను ఎదుర్కొనేటప్పుడు షటిల్ ప్రతిసారీ నడిమధ్యన తగలదు. అందువల్ల మీరు అనుకున్నదాని కన్నా ఒక పౌండు తక్కువతో మొదలుపెట్టి, అది చాలడం లేదని చేతికి తెలిసిన తర్వాతే పెంచండి. అంతర్జాతీయ ఆటగాళ్లు 30 పౌండ్లు వేయిస్తారని విని అదే వేయించుకున్న ఒక మిత్రుడు, రెండు నెలలకు మోచేతి నొప్పితో ఆట ఆపవలసి వచ్చింది.

ఫ్రేమ్ మీద ఆ రాకెట్ తట్టుకోగల బిగువు ఇంత అని ముద్రించి ఉంటుంది. దాన్ని దాటి వేయించకండి, దాటితే ఫ్రేమ్ విరిగినా కంపెనీ బాధ్యత తీసుకోదు. గటింగ్ చేసే యంత్రం రాకెట్ తలను చుట్టూ ఆరు చోట్ల పట్టి ఉంచేదైతే ఫ్రేమ్ మీద ఒత్తిడి సమానంగా పడుతుంది. దుకాణంలో యంత్రాన్ని చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

గట్ మందం విషయానికి వస్తే, యోనెక్స్ బీజీ 65 మందం 0.70 మిల్లీమీటర్లు. ఎక్కువ కాలం మన్నుతుంది కనుక మన దుకాణాల్లో చాలా మంది మొదట అడిగేది అదే. బీజీ 80 మందం 0.68, బీజీ 66 అల్టిమాక్స్ 0.65, ఎక్స్‌బోల్ట్ 63 అయితే పేరులో ఉన్నట్టే 0.63 మిల్లీమీటర్లు. సన్నని గట్ షటిల్‌ను చురుగ్గా విసురుతుంది, డబుల్స్‌లో పొట్టి ఊపుకే షటిల్ దూరం వెళ్లాలి కాబట్టి అది నిజంగా లాభమే. అయితే అంచున తగిలితే త్వరగా తెగుతుంది. నైలాన్ షటిల్‌తో ఆడేవారు 0.70 దగ్గరే ఉండటం మంచిది. ఈక షటిల్‌తో వారానికి నాలుగు రోజులు ఆడి, షటిల్‌ను మధ్యలో కలవగలిగినవారు 0.66 నుంచి 0.68 దాకా వెళ్లవచ్చు. గట్ తెగకపోయినా నాలుగైదు నెలలకు బిగువు పోయి చేతికి మొద్దుగా అనిపిస్తుంది, అప్పుడు మార్చవలసిందే.

కొనేటప్పుడు

డబుల్స్‌లో సింగిల్స్‌లో లేని ప్రమాదం ఒకటి ఉంది, జోడీ రాకెట్‌కు మీ రాకెట్ తగలడం. మధ్యకు వచ్చిన షటిల్ కోసం ఇద్దరూ ఒకేసారి ఊపితే పదిహేను వేల రాకెట్ అయినా మూడు వేల రాకెట్ అయినా ఒకేలా పగులుతుంది. కాబట్టి మీ దగ్గర పది వేలు ఉంటే పది వేల రాకెట్ ఒకటి కొనే కన్నా, అయిదు వేల రాకెట్ ఒకే రకానివి రెండు, ఒకే బిగువుతో గటింగ్ చేయించి కొనమని గట్టిగా చెబుతాను. గేమ్ మధ్యలో గట్ తెగినప్పుడు చేతికొచ్చిన రెండో రాకెట్ తూకం వేరుగా ఉంటే, అలవాటు పడేలోపు నాలుగైదు పాయింట్లు పోతాయి. ఫ్రేమ్, షాఫ్ట్ రెండూ గ్రాఫైట్‌తో చేసి, రెండింటినీ కలిపే టీ ఆకారపు అతుకు పైకి కనిపించని రాకెట్ అయితే క్లబ్బు ఆటకు నిండుగా సరిపోతుంది. ఖరీదు పెరిగేకొద్దీ వచ్చే తేడాను పట్టుకోవడానికి చేతికి ఏళ్ల సాధన కావాలి.

పేరున్న కంపెనీల రాకెట్లకు నకిలీలు చాలా ఉన్నాయి. ధర మార్కెట్ ధరలో సగానికే వస్తున్నదంటే అనుమానించాలి. అసలు రాకెట్‌కు షాఫ్ట్ మీద, కోన్ మీద సంఖ్యలు చెక్కి ఉంటాయి, అధికారిక పంపిణీదారు అంటించిన హోలోగ్రామ్ ఉంటుంది, బిల్లు ఇస్తారు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా వదిలేయండి. ఫ్రేమ్‌ను కంటి ఎత్తున పెట్టి అంచు వెంట చూస్తే వంకర ఉంటే తెలుస్తుంది. తలనూ పిడినీ పట్టుకుని మెల్లగా మెలితిప్పి చూడండి, కోన్ దగ్గర కిర్రుమని శబ్దం రాకూడదు.

కొన్న తర్వాత మొదటి రెండు వారాలు షాట్లు కొంచెం చెదరవచ్చు, ముఖ్యంగా తల బరువు రాకెట్ నుంచి తేలికదానికి మారినవారికి టాస్‌లు పొట్టిగా పడతాయి. అప్పుడే బిగువు మార్చడం, మరో రాకెట్ వెదకడం చేయకండి. ఆ పదిహేను రోజులూ స్మాష్ లెక్క పక్కన పెట్టి, మీ మీదికి వచ్చిన రెండో స్మాష్‌ను ఎన్నిసార్లు నెట్ దాటించారో మాత్రం గమనించండి.

వేసవిలో రాకెట్‌ను ఎండలో నిలిపిన కారులోగాని బండి డిక్కీలోగాని వదలకండి, వేడికి గట్ బిగువు సడలుతుంది. జోడీ రాకెట్‌కు తగిలిన ప్రతిసారీ ఫ్రేమ్ మీద గోరుతో రాసి చూడండి, రంగు పోవడం వేరు, గోరుకు చీలిక తగలడం వేరు. ఆటలో ఒక గట్ తెగితే మిగతావాటి లాగుడు ఒక పక్కకే పడి ఫ్రేమ్ వంకర పోతుంది కాబట్టి, ఇంటికి వెళ్లాక చూద్దామనుకోకుండా, కోర్టు పక్కనే కూర్చుని కత్తెరతో నడిమధ్య నుంచి బయటికి అటొకటి ఇటొకటి చొప్పున మిగతా గట్‌లన్నీ కత్తిరించేయండి.